పొట్టిగా ఉన్న పెద్ద వయసు ఆడవారికి ఎలాంటి సైకిలు కుదురుతుంది?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 62 సంవత్సరాలు, ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు, అంటే సుమారు 145 సెంటీమీటర్లు. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. చిన్నప్పుడు మా అన్నయ్య పెద్ద సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కైంచీ తొక్కుతూ నేర్చుకున్న విద్య ఇంకా మరచిపోలేదు కాబట్టి, పొద్దున్నే పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం దాకా వెళ్ళి రావడానికి, దారిలో కూరగాయలు తెచ్చుకోవడానికి ఒక సైకిలు కొనుక్కోవాలని అనుకుంటున్నాను.

కిందటి నెల ఒక దుకాణంలో 26 అంగుళాల లేడీస్ సైకిలు చూపించి, సీటును దించగలిగినంత దించి ఇచ్చారు. ఎక్కి కూర్చుంటే బొటనవేళ్ళు మాత్రమే నేలకు ఆనాయి. నాలుగు గజాలు తొక్కి ఆపేసరికి, కాలు మోపిన చోట నేల కాస్త పల్లంగా ఉండడంతో సైకిలుతో సహా ఎడమవైపుకు ఒరిగిపోయాను. దుకాణంలోని అబ్బాయి హ్యాండిల్ పట్టుకోకపోతే పడిపోయేదాన్నే. ఆ తరువాత "మీ ఎత్తుకు పిల్లల సైకిలే తీసుకోండి మేడం" అన్నారు. అదీ ఎక్కి చూశాను, మలుపు తిప్పితే హ్యాండిల్ వచ్చి మోకాలికి తగులుతోంది. నేను చీరతోనే తొక్కుతాను, మోకాళ్ళలో కొద్దిగా నొప్పి కూడా ఉంది. ఏ కొలత చూసి కొనాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అమ్మా, నేను చాలా ఏళ్ళుగా సైకిళ్ళ మరమ్మతు చేస్తున్నాను. చక్రం ఎన్ని అంగుళాలని అడిగేముందు మీ కాలి కొలత తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైదాకా జరిపి, దాని పై అంచు నుంచి నేల వరకు టేపుతో కొలిపించుకోండి. మీ ఎత్తువారికి అది 65 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగం నేలకు బాగా ఆనాలంటే, సీటు పైభాగం ఆ కొలత కంటే నాలుగైదు సెంటీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. 26 అంగుళాల బండ్లలో చాలావాటికి సీటు రాడ్డు దిగే గొట్టమే ఎత్తుగా ఉంటుంది కనుక, సీటును ఎంత దించినా ఆ కొలత రాదు. మీకు 24 అంగుళాల చక్రాలతో, కాలు దాటించే చోట గొట్టం బాగా కిందికి వంగిన ఫ్రేము చూడమంటాను. దాన్ని కొందరు దుకాణదారులు అమ్మాయిల సైకిలు అంటారు, పేరు చూసి వెనకడుగు వేయకండి.

పిల్లల బండిలో మీకు వచ్చిన ఇబ్బంది ఎత్తుది కాదు, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరానిది. మోచేతిని సీటు ముందు కొనకు ఆనించి చేయి చాపండి. వేళ్ళ కొసలు హ్యాండిల్‌ను కాస్త అందుకుంటే దూరం సరిపోయినట్టు. హ్యాండిల్ సీటు కంటే రెండు మూడు అంగుళాలు ఎత్తుగా ఉంటే నడుము వంచే పని ఉండదు. అయితే హ్యాండిల్ రాడ్డు మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనబడేంత పైకి మాత్రం లాగించకండి, రాడ్డు ఊడి చేతికి వచ్చే ప్రమాదం ఉంది.

ఇక మోకాళ్ళ సంగతి. దుకాణాలలో ఎవరూ చెప్పనిది ఇదే. కాలు నేలకు ఆనాలని సీటును దించితే, పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు మరీ ముడుచుకుంటుంది, నొప్పి అక్కడే పుడుతుంది. పెద్ద బండ్లకు మామూలుగా 170 మిల్లీమీటర్ల క్రాంక్, అంటే పెడల్‌ను నడిమి ఇరుసుకు కలిపే కడ్డీ, వేస్తారు. దాని బదులు 152 మిల్లీమీటర్లది వేయిస్తే పెడల్ తిరిగే చుట్టు అడ్డుకొలత 34 సెంటీమీటర్ల నుంచి 30.4కు తగ్గుతుంది, మోకాలు ఆ మేరకు తక్కువ ముడుచుకుంటుంది. పొట్టి క్రాంక్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది కనుక, వెనక చక్రం దగ్గర గొలుసు తిరిగే పళ్ళ చక్రం, అంటే ఫ్రీవీల్, 18 పళ్ళది ఉంటే తీయించి 20 పళ్ళది వేయించండి. తొక్కుడు పదో వంతు తేలికవుతుంది, వేగం కూడా అంతే తగ్గుతుంది. గుడికి వెళ్ళే దారిలో మీకు వేగంతో పనేముంది?

జవాబు (జడ్చర్ల నుంచి)

అక్కయ్య గారూ, నేనూ మీకంటే రెండు అంగుళాలే ఎత్తు. చీర గురించి రెండు మాటలు చెబుతాను. గొలుసును పూర్తిగా కప్పే చెయిన్ కవర్, వెనక చక్రానికి రెండు వైపులా చీర గార్డు లేనిదే బండి తీసుకోకండి. సగం కవర్ ఉన్న సైకిలు మీద నా కుచ్చిళ్ళు ఒకసారి చెయిన్‌లో పడి, నడిరోడ్డు మీద నిలబడి, పెడల్‌ను చేత్తో వెనక్కి తిప్పుకుంటూ గ్రీజు మరకల చీరను అంగుళం అంగుళంగా బయటికి లాక్కున్నాను.

బ్రేకు కూడా చేత్తో పట్టి చూడండి. కడ్డీలతో పనిచేసే పాతకాలం బ్రేకులు చిన్న చేతులకు బిగువుగా ఉంటాయి. తీగ బ్రేకులలో కొన్నింటికి లివర్ దగ్గర చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ వేళ్ళకు దగ్గరవుతుంది. మన వైపు సర్కారు తుమ్మ ముళ్ళకు పంక్చర్లు తప్పవు కాబట్టి, పాత ట్యూబును నిలువునా చీల్చి టైరుకూ ట్యూబుకూ మధ్య పరిపించుకోండి.

జవాబు (హైదరాబాద్ నుంచి)

ఇంత ఆలోచన దేనికి? పెద్దవారు మూడు చక్రాల సైకిలు తీసుకుంటే పడిపోయే భయమే ఉండదు కదా.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అయ్యా, నిలబడి ఉన్నంతసేపూ మీరన్నది నిజమే. మలుపులో మాత్రం రెండు చక్రాల బండిలా అది లోపలికి వాలదు. వేగంగా తిప్పితే లోపలి చక్రం నేల విడుస్తుంది. రోడ్డు అంచు వాలుగా ఉన్నచోట బండి పక్కకే లాగుతూ ఉంటుంది. తూగు నిలవనివారికి అది మంచిదే, కానీ ఈ అమ్మకు తూగు ఉంది, కాలు ఆనడం ఒక్కటే కావాలి.

జవాబు (మర్రిగూడ నుంచి)

మా ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పెద్దవారిలో కొందరికి మెడ, వెన్ను బిగుసుకుపోయి వెనక్కి తిరిగి చూడడం కష్టంగా ఉంటుంది. మా అమ్మకు అదే ఇబ్బంది. మీకు కూడా మెడ పట్టేసినట్టు ఉంటే డాక్టరుకు చూపించుకున్న తరువాతే సైకిలు కొనండి. ఏదైనా సరే హ్యాండిల్‌కు కుడివైపున అద్దం పెట్టించుకోండి, మనల్ని దాటిపోయే బండ్లు ఆ వైపు నుంచే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు (నల్లగొండ నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. కాలి కొలత 64 సెంటీమీటర్లు వచ్చింది. ఈసారి వేరే దుకాణానికి టేపు తీసుకొని వెళ్ళాను. 24 అంగుళాల బండిలో సీటు 68 దాకా దిగింది, రెండు పాదాలూ ఆనాయి. 152 క్రాంక్ తెప్పించడానికి వారం పడుతుందన్నారు, సగం డబ్బు కట్టి వచ్చాను. చీర గార్డు ఒక వైపే ఉంది, రెండో వైపుది బిగించాకే మిగతా సగం ఇస్తానని చెప్పాను.