ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, డి విటమిన్ ఒకరికి 26, ఒకరికి 11: తేడా జీన్స్‌దేనా?

చిన్నదాని అమ్మ
మా పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు. రాత్రిళ్ళు కాళ్ళు లాగుతున్నాయని చిన్నది ఏడుస్తుంటే డాక్టరు రక్తపరీక్ష రాశారు. పనిలో పనిగా వాడికీ చేయించాం. డి విటమిన్ వాడికి 26, దీనికి 11 (మిల్లీలీటరు రక్తానికి నానోగ్రాముల్లో). రిపోర్టు ఇచ్చే కౌంటర్ దగ్గరే ఒకాయన "ఒకే ఇంట్లో ఇంత తేడా అంటే జెనెటిక్కే మేడమ్" అని జీన్ టెస్టుల కాగితం చేతిలో పెట్టాడు. మా ఆయన చేయించేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకు వద్దో చెప్పలేకపోతున్నా. ఒకే తిండి, ఒకే బడి. మరి ఈ తేడా జీన్స్‌ది కాక దేనిది?

క్రోమోజోమ్ కబుర్లు
కౌంటర్ ఆయన అమ్ముకోవడానికి చెప్పి ఉండొచ్చు గానీ, మాట పూర్తిగా తప్పు కాదండి. చర్మంలో ఉండే ఒక కొలెస్ట్రాల్ ముడిసరుకు మీద ఎండలోని యూవీబీ అనే కిరణాలు పడితే డి విటమిన్ తయారవుతుంది. ఆ ముడిసరుకు ఎంత మిగలాలో డీహెచ్‌సీఆర్7 అనే జీన్ చూసుకుంటుంది. తయారైనదాన్ని కాలేయంలో మార్చేది సీవైపీ2ఆర్1. రక్తంలో మోసుకెళ్ళే ప్రొటీన్ జీసీ అనే జీన్ నుంచి వస్తుంది. 2010లో ముప్పై వేల మందికి పైగా జన్యువులు వెతికితే బయటపడ్డవి ముఖ్యంగా ఇవే. 2020లో బ్రిటన్ బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య సమాచార నిధిలోని 4,17,580 మందిని చూస్తే జన్యువుల్లో ఇలాంటి చోట్లు 143 తేలాయి. 2010లోనే కవలల మీద వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో చలికాలపు తేడాల్లో 70 శాతం వంశపారంపర్యమే అని వచ్చింది. ఇంత ఉన్నాక టెస్ట్ వద్దనడం ఎందుకు?

ఎండమావి
కబుర్లు గారూ, ఆ అధ్యయనంలో రెండో సగం మింగేశారు. అదే కవలల్లో వేసవిలో వంశపారంపర్య ప్రభావం చెప్పుకోదగ్గంత కనిపించలేదు. అంతకు ఏడాది ముందు, 2009లో, స్వీడన్ కవలల మీద చేస్తే సరిగ్గా తిరగబడింది: వేసవిలో దాదాపు సగం జీన్స్ వల్ల, చలికాలంలో ఏమీ లేదు! రెండింటికీ కథ అల్లొచ్చు. ఎండే లేని కాలంలో ఎండ తేడాలు పోయి జీన్స్ తేడా బయటపడిందని ఒకరంటారు. ఎండ ఉంటేనే కదా చర్మం సత్తా తెలిసేది అని ఇంకొకరంటారు. ఏ ఫలితానికైనా అతికే వివరణను నేనైతే నమ్మను.

ఇంకోటి. 70 శాతం అంటే ఈ పాపకు తగ్గినదాంట్లో 70 శాతం జీన్స్ వల్ల అని కాదు. ఆ గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క అది. గుంపు మారితే అంకె మారుతుంది. మీరు చెప్పిన ఆ నాలుగు లక్షల మందిలోనూ, పరీక్షించిన మామూలు జన్యు తేడాలన్నీ కలిపితే వివరించగలిగింది 13 శాతం దగ్గరే. పైగా వాళ్ళు నలభై దాటాక చేరినవాళ్ళు. ఆ రెండు చోట్ల కవలలూ పెద్దవాళ్ళే. ఇక్కడ మాట్లాడుతున్నది ఆరేళ్ళ పిల్ల గురించి.

అమ్మగారూ, ఒకటి చెప్పండి. పిల్లలిద్దరూ ఎండలో ఒకేలా ఉంటారా?

చిన్నదాని అమ్మ
వాడు సెలవొస్తే పొద్దున పదింటి నుంచి గ్రౌండ్‌లోనే, భోజనానికి పిలిచినా రాడు. ఇది బొమ్మలు గీసుకునే రకం. అలాగని చీకట్లో ఉండదండి. కిటికీ పక్కనే దాని బల్ల. మధ్యాహ్నం దాకా దాని భుజం మీద ఎండ పడుతూనే ఉంటుంది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

ఎండమావి
కిటికీ తలుపు తెరిచి ఉంటుందా, అద్దం వేసి ఉంటుందా?

చిన్నదాని అమ్మ
అద్దమే. దుమ్మని తియ్యం.

ఎండమావి
అయితే ఆ ఎండ లెక్కలోకి రాదు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. వెచ్చదనం వస్తుంది, వెలుతురు వస్తుంది, డి విటమిన్ రాదు. ఒకే ఇల్లు అన్నారు గానీ ఒకే ఎండ కాదు మరి.

క్రోమోజోమ్ కబుర్లు
అద్దం పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ మీరు జీన్స్‌ని మరీ తీసిపారేస్తున్నారు. చర్మం రంగు ఎక్కడి నుంచి వచ్చింది? రంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చర్మానికి అంతే విటమిన్ తయారు కావాలంటే ఇంకా ఎక్కువసేపు ఎండ కావాలి. అదీ జీన్సే. జీసీ తేడాల ప్రభావం పిల్లల్లో చేసిన అధ్యయనాల్లోనూ కనిపించింది. తోబుట్టువులైనంత మాత్రాన జీన్స్ ఒకటే కావు, సగటున సగమే కలుస్తాయి. అన్నకు ఒక రకం, చెల్లికి ఇంకో రకం రావచ్చు.

వార్డు డ్యూటీ
పిల్లల వార్డులో చాలా ఏళ్ళు పనిచేశాను, అందుకే ఒక మాట. మీరిద్దరూ వాదించుకునే జీన్స్ వేరు, మేం భయపడే జీన్స్ వేరు.

కొందరు పిల్లల్లో మూత్రపిండాల్లో విటమిన్‌ను చురుకైన రూపానికి మార్చే జీన్ పనిచేయదు. కొందరిలో ఆ విటమిన్‌ను అందుకునే రిసెప్టరే చెడి ఉంటుంది, వాళ్ళలో కొందరికి జుట్టు కూడా రాలిపోతుంది. వీళ్ళకు కాళ్ళు వంకర పోతాయి, మణికట్టు దగ్గర ఎముక ఉబ్బుతుంది, మామూలు డోసుకు లొంగదు. తమాషా ఏమిటంటే ఈ రెండు జబ్బుల్లోనూ మీ రిపోర్టులో ఉన్న ఆ అంకె మామూలుగానే ఉండొచ్చు. అది కాలేయం నుంచి వచ్చే నిల్వ రూపాన్ని కొలుస్తుంది, ఇక్కడ చెడింది దాని తర్వాతి మెట్టు.

దీనికి తిరగబడ్డ కేసు ఇంకోటి ఉంది. 1950లలో బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడిలో, ఆహారంలో డి విటమిన్ బాగా కలిపేవారు. కొందరు పసివాళ్ళకు రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగి వాంతులు, బరువు తగ్గడం మొదలయ్యాయి. అలాంటి జబ్బున్న పిల్లల్లో విటమిన్‌ను విరగ్గొట్టే సీవైపీ24ఏ1 జీన్ చెడి ఉండొచ్చని 2011లో తేలింది. అందరికీ మంచి చేసే విటమిన్ వాళ్ళకు విషమయింది. జీన్స్ నిజంగా నిర్ణయించేది ఇలాంటి చోట. కానీ ఇవి అరుదు, పైగా పిల్లని చూస్తే, రక్తపరీక్షలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథార్మోన్ చూస్తే అనుమానం వస్తుంది. అనుమానం వచ్చాక చేసేది జీన్ టెస్ట్. కౌంటర్ దగ్గర అమ్మేది కాదు.

ముప్పై దాటలేదు
నాదో సందేహం. అసలు 11 తక్కువని, 26 బాగుందని ఎవరు చెప్పారు? కొన్ని ల్యాబ్ రిపోర్టుల్లో 30 దాటకపోతే ఎర్ర రంగు వేస్తారు.

వార్డు డ్యూటీ
ఆ 30, 2011లో ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ వైద్యుల సంఘం పెట్టిన గీత. 2024లో వాళ్ళే ఆ గీతను వదిలేశారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఊరికే టెస్టులు చేయొద్దనీ అన్నారు. పిల్లల ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు మీద 2016లో వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయం ప్రకారం 20 దాటితే చాలు, 12 కంటే తక్కువైతే లోపం. అంటే ఆ అబ్బాయికి 26 చాలు. పాపది 11 కాబట్టి పట్టించుకోవాల్సిందే. కాళ్ళనొప్పి దానివల్లే అని మాత్రం నేననను. ఆ వయసులో ఏ లోపమూ లేని పిల్లలకూ రాత్రిళ్ళు కాళ్ళు లాగుతాయి.

క్రోమోజోమ్ కబుర్లు
అంకె సంగతి వచ్చింది కాబట్టి, అది కూడా జీసీ చేతిలో ఉంది. రక్తంలో ఈ విటమిన్‌లో చాలా భాగం ఆ మోత ప్రొటీన్‌కు అతుక్కునే ఉంటుంది. మనం లెక్కపెడుతున్నది బస్సులో కూర్చున్నవాళ్ళని, దిగి పనిలోకి వెళ్ళినవాళ్ళని కాదు. బస్సులు తక్కువైతే అంకె తగ్గుతుంది, పని ఆగకపోవచ్చు. జీసీ జీన్ రెండు కాపీలూ లేని ఒక మహిళ గురించి 2019లో వైద్య పత్రికలో వచ్చింది. ఎంత ఇచ్చినా ఆమె రక్తంలో ఈ అంకె లేచేది కాదు, అయినా కాల్షియం మామూలుగానే ఉంది.

ఎండమావి
బస్సు పోలిక బాగుంది, ఇది నా వాదనకే పనికొస్తుంది! జీన్ వల్ల అంకె తగ్గినా పిల్లకు నష్టం లేకపోవచ్చని మీరే అంటున్నారు. అయితే టెస్ట్ చేసి ఏం మారుస్తారు? ఫలితం ఏదొచ్చినా డాక్టరు రాసేది అవే డి విటమిన్ చుక్కలు.

క్రోమోజోమ్ కబుర్లు
కొందరికి ఎక్కువ డోసు కావాలని ముందే తెలుస్తుంది కదా.

ఎండమావి
మూడు నెలలు వాడి మళ్ళీ రక్తం చూస్తే అదీ తెలుస్తుంది. పైగా మీ టెస్ట్‌కు కిటికీ అద్దం కనిపించదు.

క్రోమోజోమ్ కబుర్లు
డోసు సరిగ్గా వాడి, ఎండలోకీ పంపి, అప్పటికీ అంకె కదలకపోతే?

వార్డు డ్యూటీ
అప్పుడు మీ మాటే నెగ్గుతుంది. మొదట చుక్కలు రోజూ పడ్డాయా లేదా చూస్తాం, తర్వాత పేగుల్లో ఇంకుతోందా, మూర్ఛ మందులేమైనా వాడుతోందా అని చూస్తాం. ఇవేవీ కాకపోతే జీన్స్ వైపు వెళ్తాం.

చిన్నదాని అమ్మ
కాల్షియం, ఫాస్ఫరస్ మొన్నటి రిపోర్టులోనే ఉన్నాయి, రెండూ నార్మల్ రేంజ్‌లోనే. మిగతా రెండూ చేయించాలా అని డాక్టర్ని అడుగుతా. చుక్కలు మొదలుపెట్టాం. టెస్టుల కాగితం మా ఆయన ఫ్రిజ్ మీద పెట్టారు, మూడు నెలల తర్వాత చూద్దామని ఒప్పించా. బల్ల బయట వరండాలో వేశాం. అది మాత్రం "కాగితాలు గాలికి ఎగిరిపోతున్నాయ్" అని పొద్దున్నుంచి అలిగి కూర్చుంది.