రసీదు రెండుసార్లు పడుతోంది, శుక్రవారం రిలీజ్ ఆపమని పట్టుబట్టాలా?

ప్రశ్న (టెస్టింగ్ లీడ్)

నమస్కారమండీ. ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేసేవాళ్లు మా యాప్‌లోనే రసీదు కొడతారు. కొత్త వెర్షన్ శుక్రవారం సాయంత్రం వెళ్లాలి. 23 బగ్స్ (యాప్‌లో లోపాలు) ఇంకా ఓపెన్‌లో ఉన్నాయి. వాటిలో 22 గురించి నాకు బెంగ లేదు, పెద్ద ఫాంట్ పెడితే అక్షరాలు బటన్ దాటిపోవడం లాంటివి. ఆ మిగిలిన ఒక్కటే నిద్ర పట్టనివ్వడం లేదు.

సిగ్నల్ సరిగా లేనిచోట సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. చాలాసేపటికి ‘సేవ్ అయింది’ అని వస్తుంది. లిస్టు తెరిస్తే అదే పేరు, అదే మొత్తం, రెండు రసీదు నంబర్లు! నిన్న కావాలని నెట్ వేగం తగ్గించి 40 సార్లు చేస్తే 3 సార్లు వచ్చింది. డెవలపర్ తన మెషీన్‌లో రావట్లేదని ‘మైనర్’ కింద మార్చేశాడు. మేనేజర్ ‘తేదీ చెప్పేశాం, వెళ్లాక ప్యాచ్ (సవరణ) ఇద్దాం’ అంటున్నారు. నేను అనవసరంగా భయపడుతున్నానా?

జవాబు 1 (ఆపరేషన్స్‌లో పనిచేస్తాను)

భయపడాల్సిందేనండీ. బగ్ ఎన్నిసార్లు వస్తుందన్నది తర్వాత సంగతి, వచ్చాక సరిదిద్దగలమా అన్నది ముందు చూడండి. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లు చెరిపేసింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చుకున్నాక కూడా పాత ఫోల్డర్‌లో ఫైళ్లు మిగిలి ఉన్నవాళ్లకే ఆ దెబ్బ. 10,000లో ఒకరి నుంచే అలాంటి ఫిర్యాదు వచ్చిందని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. అయినా అప్‌డేట్ ఆపేసి, మళ్లీ నవంబరు 13న గాని వదల్లేదు. టెస్టర్ల ఫిర్యాదులు ముందే వచ్చాయి, తక్కువమంది చెప్పారని మరుగున పడ్డాయి. మీ 40లో 3 దానికన్నా ఎంత ఎక్కువో చూడండి.

జవాబు 2 (బ్యాకెండ్ డెవలపర్)

ఒక్కటి చెప్పండి, ఇప్పుడు జనం వాడుతున్న వెర్షన్‌లోనూ ఇది వస్తోందా? వస్తుంటే రిలీజ్ ఆపినా ఒరిగేదేమీ లేదు. కొత్తగా వచ్చిందైతే మాత్రం సర్వర్ లాగ్‌లో (ఎప్పుడు ఏం వచ్చిందో నమోదయ్యే చిట్టాలో) ఫోన్ నుంచి వచ్చిన ఆ రెండు రిక్వెస్టుల టైము చూడండి. నాకు రీట్రై మీదే అనుమానం. ఫోన్ కొంతసేపు చూసి, జవాబు రాలేదని తనంతట తానే మళ్లీ పంపుతుంది. మొదటిది అప్పటికే సర్వర్‌కి చేరి ఉంటుంది. డెవలపర్ నెట్ వేగంగా ఉంటుంది కాబట్టి అక్కడ కనపడదు.

జవాబు 3 (ప్రోడక్ట్ మేనేజర్)

మీ మేనేజర్ మాటనూ కొట్టిపారేయకండి. ఒకసారి మేం రెండు బగ్స్ కోసం మూడు వారాలు ఆగాం. ఈలోగా ‘ఎలాగూ ఆగింది కదా’ అని తలా ఒక మార్పు కలిపారు, చివరికి తొమ్మిది కొత్త బగ్స్ తేలాయి. ఆపితే కోడ్ కూడా ఆగాలి. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లను చూడండి. వేల బగ్స్ ఓపెన్‌లో ఉండగానే రిలీజ్ చేస్తారు. క్రిటికల్, గ్రేవ్, సీరియస్ అన్న మూడు స్థాయిలవే రిలీజ్‌కి అడ్డు, ఫ్రీజ్ (రిలీజ్ ముందు కోడ్‌ని ఆపే దశ) మొదలయ్యాక పెద్ద మార్పులకు చోటుండదు. మీరూ ‘23 బగ్స్’ అని వెళ్లకండి. ఒక్కటే పట్టుకుని, ఎన్ని రోజులు కావాలో చెప్పి అడగండి.

ప్రశ్న అడిగినవారు, మర్నాడు

లాగ్ చూశాను. మూడు సందర్భాల్లోనూ రెండు రిక్వెస్టుల మధ్య సరిగ్గా 30 సెకన్లు. మా టైమౌట్, అంటే జవాబు కోసం ఫోన్ ఆగే గడువు, అదే. రీట్రై ఈ వెర్షన్‌లోనే చేర్చారు. పాతదాంట్లో ‘సేవ్ కాలేదు’ అని చూపించేది, వసూలు చేసేవాళ్లు లిస్టు చూసుకుని మళ్లీ కొట్టేవారు. ఇప్పుడు చూసుకోవడానికి ఏ సూచనా లేదు.

ఆ మూడు జతల లాగ్ తెర మీద పెట్టి, ‘ఒకే డబ్బుకి రెండు రసీదులు పడితే సాయంత్రం లెక్కలో తక్కువ వచ్చిన సొమ్ము ఎవరు కట్టాలి?’ అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డెవలపరే బగ్‌ని మళ్లీ ‘క్రిటికల్’ చేశాడు. దిద్దుబాటు ఇదీ: ప్రతి రసీదుకి ఫోన్‌లోనే ఒక గుర్తింపు సంఖ్య పుడుతుంది, ఎన్నిసార్లు పంపినా అదే వెళ్తుంది, రెండోసారి వస్తే సర్వర్ పాత రసీదునే తిరిగిస్తుంది. రిలీజ్ మంగళవారానికి వాయిదా పడింది. వేరే మార్పేదీ కలపరని మేనేజర్ మెయిల్ పెట్టారు. ఆ 22 అలాగే వెళ్తున్నాయి. ఈసారి 40 కాదు, 400 సార్లు కొట్టి చూస్తాను.