ఒక సాధనాన్ని మెచ్చి మరొకదాన్ని విసుక్కునే ఫార్మసిస్టుల వైఖరిని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న – పరిశోధక విద్యార్థి

మందుల షాపుల్లో పనిచేసే ఫార్మసిస్టులు కొత్త సాంకేతికతను ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేస్తున్నాను. 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఒక సాధనం తన పనికి ఉపకరిస్తుందన్న నమ్మకం, దాన్ని వాడడం తేలికన్న నమ్మకం ఉంటే మనిషి దాన్ని స్వీకరిస్తాడు. అయితే నేను మాట్లాడిన ఫార్మసిస్టుల్లో పలువురు బార్‌కోడ్ స్కానర్‌ను మెచ్చుకుంటూనే, ఒక మందుకు మరో మందు పడదని హెచ్చరించే సాఫ్ట్‌వేర్ పేరెత్తగానే విసుక్కున్నారు. రెండూ ఉపయోగకరమైనవే, రెండూ వాడడానికి కష్టమైనవి కావు. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు – కౌంటర్ ఫార్మసిస్టు

స్కానర్ అవసరమైన చోటనే నన్ను ఆపుతుంది. హైడ్రాక్సిజిన్, హైడ్రాలజిన్ రెండూ 25 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతాయి. ఒకటి దురదకు, మరొకటి రక్తపోటుకు. రద్దీలో ఒకదాని బదులు మరొకటి చేతికి వస్తే స్కానర్ పట్టేస్తుంది, దాని మాటలో సందేహానికి తావుండదు. హెచ్చరికల సాఫ్ట్‌వేర్ తీరు వేరు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న మనిషికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి అక్కడ నన్ను ఆపి తీరాలి. కానీ నెలనెలా తీసుకునే మందును రెండు రోజుల ముందుగా తీసుకోవడానికి వచ్చినా అదే రంగు పెట్టె, అదే శబ్దం. డాక్టర్లు మందులు రాసే కంప్యూటర్ వ్యవస్థలపై 2006లో వచ్చిన ఒక సమీక్ష, భద్రతా హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా పక్కన పెట్టేస్తున్నారని చూపింది. మా పరిస్థితీ అటువంటిదే. పైగా హెచ్చరికను దాటి ముందుకు వెళ్లిన ప్రతిసారీ నా పేరు, సమయం నమోదవుతాయి. వంద అనవసరపు హెచ్చరికల మధ్య అవసరమైన ఒక్కటి జారిపోతే బాధ్యత పూర్తిగా నాదే అవుతుంది. మీ ప్రశ్నావళిలో ఉపయోగం, సౌలభ్యంతో పాటు బాధ్యత ఎవరి మీద పడుతుందన్నది కూడా తప్పక అడగండి.

జవాబు – షాపు నిర్వాహకురాలు

పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేరుస్తాను. ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్ వచ్చాక చేతిరాత అర్థంకాని బాధ పోయింది, దాన్ని ఎవరూ తిరిగి కోరుకోరు. అయితే మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సి ఉండగా, జాబితాలో పొరపాటున ‘రోజూ’ అన్నది ఎంపికై, కింద గమనికలో మాత్రం ‘వారానికోసారి’ అని ఉండే అవకాశముంది. చక్కగా అచ్చయిన అక్షరాలను మనం తొందరగా నమ్మేస్తాం కాబట్టి ఇది గజిబిజి రాత కంటే ప్రమాదకరం. అలాంటి చోట డాక్టరుకు ఫోన్ చేసి నిర్ధారించుకునే ఫార్మసిస్టును సాంకేతికతకు వ్యతిరేకి అనడం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. మందులను వాటంతటవే తీసి ఇచ్చే యంత్రాల విషయంలోనూ ఇదే వర్తిస్తుందా, లేక అక్కడ ఉద్యోగ భయమే ప్రధానమా?

జవాబు – సీనియర్ ఫార్మసిస్టు

ఉద్యోగ భయం లేదనను, కానీ దాన్నే మొదటి కారణంగా చూస్తే అసలు విషయం కనబడదు. యంత్రం పెట్టేటప్పుడు ‘మీకు రోగితో మాట్లాడే సమయం దొరుకుతుంది’ అని చెబుతారు. ఆ సమయం నిజంగా దొరికి, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో దగ్గరుండి చూపించే వీలు కలిగిన చోట ఫార్మసిస్టులు యంత్రాన్ని తమదిగా భావిస్తారు. అదే సమయాన్ని మరిన్ని ప్రిస్క్రిప్షన్లతో నింపేస్తే, ఆ తర్వాత వచ్చే ఏ కొత్త సాధనాన్నైనా అనుమానంతోనే చూస్తారు. కాబట్టి ‘ఈ యంత్రం మీకు నచ్చిందా’ అని అడిగే కంటే, అది వచ్చాక మిగిలిన సమయం దేనికి పోతోందో, దాన్ని ఎంపిక చేసే ముందు మీ అభిప్రాయం అడిగారో లేదో కనుక్కోండి. శిక్షణ ఎప్పుడు ఇచ్చారన్నదీ అడగండి. రద్దీ వేళ కౌంటర్ దగ్గర నిలబెట్టి నేర్పితే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ మీదైనా మొదటి రోజే మనసు విరిగిపోతుంది.