ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్లు: 11 డాలర్ల నుంచి 33 డాలర్లకు ఎప్పుడు వెళ్లాలి?

రెడింగ్_రాత్రులు (ప్రశ్న):

మిత్రులందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. గత 14 నెలలుగా, పిల్లలు నిద్రపోయాక వారంలో మూడు రాత్రులు, ఆదివారం సాయంత్రం ఇంకాస్త ఎక్కువ సేపు, ఇక్కడి లైసెన్సు ఉన్న సైటులో 11 డాలర్ల టోర్నమెంట్లు ఆడుతున్నాను. ఇప్పటికి 620 ఆడాను. కట్టిన బై-ఇన్లు (ప్రవేశ రుసుములు) మొత్తం 6,820 డాలర్లు, అవి పోగా మిగిలిన లాభం 1,390 డాలర్లు, అంటే పెట్టిన ప్రతి వందకూ ఇరవై పైచిలుకు. ఇంటి ఖర్చులతో సంబంధం లేకుండా విడిగా ఉంచుకున్న బ్యాంక్‌రోల్ 2,300 డాలర్లు.

ఇప్పుడు 33 డాలర్ల టోర్నమెంట్లకూ, ఆదివారాల్లో ఒకటీ అరా 55 డాలర్ల వాటికీ వెళ్లాలని ఉంది. పోయిన నెల 33 డాలర్లవి తొమ్మిది ఆడి చూశాను, ఒక్కదానిలోనే డబ్బు వచ్చింది. అందులో ఒక చేయి (కార్డులు పంచిన ఒక విడత ఆట) ఇప్పటికీ మనసులో నలుగుతోంది. 460 మంది మొదలుపెట్టిన ఆటలో 69 మందికి బహుమతులు ఉంటే, ఇంకా 71 మందిమి మిగిలాం. నా దగ్గర 19 బిగ్ బ్లైండ్ల చిప్స్ ఉన్నాయి (బిగ్ బ్లైండ్ అంటే ప్రతి చేతిలో ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం). కటాఫ్‌లో (డీలర్ స్థానానికి ముందు సీటులో) ఏస్-తొమ్మిదితో రెండు బ్లైండ్లకు రెయిజ్ చేస్తే (పందెం పెంచితే), బిగ్ బ్లైండ్‌లో 60 బ్లైండ్ల స్టాక్ (చిప్స్) ఉన్న ఆటగాడు క్షణం ఆలోచించకుండా నన్ను ఆల్-ఇన్‌కు, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టాల్సిన స్థితికి, నెట్టాడు. నేను కాల్ చేశాను, అంటే ఆ పందెం ఒప్పుకున్నాను. అతని చేతిలో కింగ్-ఏడు ఉంది, ఫ్లాప్‌లోనే (బల్లపై తెరిచే మొదటి మూడు కార్డుల్లోనే) కింగ్ వచ్చి నేను బయటికి వచ్చేశాను. ఇది దురదృష్టమా, తప్పా? పై స్థాయికి నేను సిద్ధంగా ఉన్నానని ఎలా తెలుసుకోవాలి?

ఎడిసన్_బాబాయ్:

పెద్ద జవాబు రాసే ముందు ఒక చిన్న ప్రశ్న అడగాలి. ఆ 1,390 డాలర్ల లాభంలో మీ అతిపెద్ద గెలుపు ఒక్కటే ఎంత?

రెడింగ్_రాత్రులు:

మార్చిలో ఒక ఆదివారం 1,020 మంది ఆడిన టోర్నమెంటులో మొదటి స్థానం వచ్చింది, దానికి 1,540 డాలర్లు ఇచ్చారు. ఆ రాత్రి మా ఆవిడను నిద్ర లేపి మరీ చెప్పాను.

ఎడిసన్_బాబాయ్:

అంత మందిలో మొదటి స్థానం చిన్న విషయం కాదు, అభినందనలు. అయితే ఆ ఒక్క రాత్రిని పక్కన పెడితే మిగిలిన 619 టోర్నమెంట్లలో మీరు దాదాపు 140 డాలర్ల నష్టంలో ఉన్నారు. మీరు బాగా ఆడటం లేదని నేను అనడం లేదు. మీరు బాగా ఆడుతున్నారో లేదో ఈ 620 ఆటలు ఇంకా చెప్పలేవని మాత్రమే అంటున్నాను.

లెక్క ఇలా ఉంటుంది. వెయ్యి మంది ఆడే టోర్నమెంటులో మొదటి బహుమతి సుమారు 150 బై-ఇన్లు ఉంటుంది, చాలాసార్లు మాత్రం మీకు వచ్చేది సున్నా. కాబట్టి ఒక్కో ఆటలో ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే తీరు, అంటే ప్రామాణిక విచలనం, నా లెక్క ప్రకారం ఏడు బై-ఇన్ల దాకా వస్తుంది. దాన్ని 620 వర్గమూలంతో, అంటే దాదాపు 25తో భాగిస్తే 28 శాతం. మీ రికార్డు చూపిస్తున్న 20 శాతం లాభం వెనుక ఇంత పెద్ద ఊగిసలాట ఉన్నప్పుడు, మీ అసలు స్థాయి సున్నా అయినా కావచ్చు, 40 అయినా కావచ్చు. 2,500 ఆటలు పూర్తయ్యాక ఆ 28 కాస్తా 14కు దిగుతుంది, 10,000 తర్వాత ఏడుకు దిగుతుంది. అన్ని ఆటల దాకా ఎవరూ ఆగరు, ఆగమని నేనూ చెప్పను. కానీ ఇదే పనిని 180 మంది ఆడే చిన్న టోర్నమెంట్లలో చేస్తే ఊగిసలాట నాలుగు బై-ఇన్ల దగ్గర ఉంటుంది కాబట్టి, మీ గురించి నిజం చాలా త్వరగా తెలుస్తుంది. పై స్థాయికి మొదటి అడుగు వేయాలంటే పెద్ద ఆదివారపు టోర్నమెంట్ల కంటే ఇలాంటి చిన్న ఫీల్డులనే నేను ఎంచుకుంటాను.

ఇక బ్యాంక్‌రోల్ సంగతి. మీ 2,300 డాలర్లు 11 డాలర్ల ఆటకు 209 బై-ఇన్లు, 33కు 70 మాత్రమే, 55కు 42 కూడా లేవు. పోకర్ ఆటగాడు క్రిస్ ఫెర్గూసన్ 2006లో సున్నా నుంచి పదివేల డాలర్లు చేస్తానని మొదలుపెట్టినప్పుడు, టోర్నమెంటుకు తన మొత్తంలో రెండు శాతం మించి కట్టనని నియమం పెట్టుకున్నాడు. ఆ లెక్కన మీ పరిమితి 46 డాలర్లు: 33 లోపలికి వస్తుంది, 55 రాదు. అయితే అది పైకప్పే తప్ప రోజూ ఆడే సగటు కాదు. 20 శాతం లాభంతో ఆడే నిజమైన మంచి ఆటగాడు కూడా వెయ్యి మంది ఫీల్డుల్లో 300 ఆటల తర్వాత 60 బై-ఇన్ల నష్టంలో ఉండటం వింతేమీ కాదు. మీ దగ్గర ఉన్నవే 70. పైగా పైకి వెళ్లే కొద్దీ ఆ 20 శాతం అలాగే ఉండదు, ఎదురుగా కూర్చునేవాళ్లు బలపడతారు కాబట్టి తగ్గుతుంది.

అందువల్ల నేను చేసేది ఇది. మధ్యలో 22 డాలర్ల స్థాయి ఉంది కదా, దాన్ని దాటేయకూడదు. వారానికి ఆడే పది ఆటల్లో ఏడెనిమిది 11, 22 డాలర్లవి ఉంచుకొని, రెండు మూడు 33 డాలర్లవి కలపాలి. 33 కోసం పది బై-ఇన్లు, అంటే 330 డాలర్లు, విడిగా రాసి పెట్టుకోవాలి. అవి అయిపోతే ఆ రోజే, ఏ వాదనా పెట్టుకోకుండా కిందికి రావాలి. అప్పటికీ మీ దగ్గర 1,970 డాలర్లు, అంటే 11 డాలర్ల ఆటకు 179 బై-ఇన్లు ఉంటాయి కనుక ఏమీ చెడిపోదు. కిందికి దిగడాన్ని ఓటమిగా భావించి, పోయింది అక్కడే రాబట్టుకోవాలని ఆగిపోయిన స్నేహితులను నేను చూశాను. వాళ్ల బ్యాంక్‌రోళ్లు ఆటలో లోపం వల్ల కంటే ఆ పట్టుదల వల్లే ఖాళీ అయ్యాయి.

మీకు ఒక అదృష్టం ఉంది. బ్రిటన్‌లో గెలిచిన డబ్బుపై ఆటగాడికి పన్ను లేదు. ఇక్కడ అమెరికాలో ఉంది, పైగా 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి నష్టాల్లో 90 శాతాన్నే మినహాయించుకోవాలి.

బబుల్_దగ్గర:

ఆ చేతి గురించి నేను చెబుతాను, ఎందుకంటే స్థాయిల మధ్య తేడా అంతా అక్కడే కనిపిస్తోంది.

మీరు కాల్ చేయడానికి ఇంకా 17 బ్లైండ్లు పెట్టాలి, పాట్‌లో (పోగైన పందెపు మొత్తంలో) అప్పటికే దాదాపు 22.5 ఉన్నాయి. చిప్స్ లెక్క ఒక్కటే చూస్తే 43 శాతం గెలిచే అవకాశం ఉంటే సరిపోతుంది, అతను విచ్చలవిడిగా నెడుతున్నాడనుకుంటే ఏస్-తొమ్మిదికి అది తప్పక ఉంటుంది. కానీ బహుమతికి ఇద్దరి దూరంలో మీరు పోగొట్టుకునే చిప్స్ విలువ, గెలుచుకునే చిప్స్ విలువ కంటే ఎక్కువ. ఐసీఎం అనే లెక్క, చిప్స్‌ను బహుమతి డబ్బు విలువలోకి మార్చి, దీన్నే కొలుస్తుంది. అది కలిపితే అవసరమైన శాతం 50 దాటుతుంది, అప్పుడు మీ కాల్ అంచు మీద నిలబడుతుంది. కాబట్టి కాల్‌ను నేను పెద్ద తప్పు అనను.

అసలు విషయం రెయిజ్ దగ్గరే ఉంది. 11 డాలర్ల ఆటలో 60 బ్లైండ్లు ఉన్నవాడు కింగ్-ఏడు వదిలేస్తాడు, లేదా ఊరికే కాల్ చేసి ఫ్లాప్ చూస్తాడు. 33లో కూర్చున్న రెగ్యులర్లకు (నిత్యం ఆడేవాళ్లకు) మీరు కాల్ చేయలేని స్థితిలో ఉన్నారని తెలుసు కాబట్టి, ఆ స్థితినే ఆయుధంగా వాడతారు. అందుకని మీ వెనుక పెద్ద స్టాక్ ఉన్నప్పుడు రెయిజ్ చేయడానికి ముందే, అతను ఆల్-ఇన్ అంటే ఏం చేస్తానో నిర్ణయించుకొని ఉండాలి. నేను ప్రతి ఆదివారం బబుల్ (బహుమతులు మొదలయ్యే అంచు) దగ్గరి చేతులను మరునాడు తీసి, 15 నుంచి 25 బ్లైండ్ల స్టాకులతో ఆడినవన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటాను. పై స్థాయికి సిద్ధమా అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది అక్కడే, లాభాల గ్రాఫులో కాదు.

హైటెక్‌సిటీ_వాసి:

ఈ చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. హైదరాబాద్ నుంచి కూడా ఇదే పద్ధతిలో మొదలుపెట్టవచ్చా?

ఎడిసన్_బాబాయ్:

వద్దండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం దేశమంతటా అలాంటి ఆటలు నడపడాన్నే నిషేధించింది. పక్కదారులు చెప్పేవాళ్లను నమ్మితే మీ డబ్బుకు ఏ రక్షణా ఉండదు.

బర్మింగ్‌హామ్_అక్క:

రెడింగ్ తమ్ముడికి రెండు మాటలు. 55 డాలర్ల ఆట ఆడాలని అంతగా ఉంటే, అందులో సగం వాటా నమ్మకస్తులైన స్నేహితులకు అసలు ధరకే అమ్మి, మీ ఖర్చు 27.50కి తెచ్చుకోండి, ఎవరి వాటా ఎంతో ఆటకు ముందే రాసి పంపండి. లేదా శాటిలైట్ (గెలిస్తే పెద్ద ఆటలో సీటు ఇచ్చే చిన్న టోర్నమెంటు) ద్వారా వెళ్లండి. 2003లో క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ శాటిలైట్ నుంచే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లోని పదివేల డాలర్ల మెయిన్ ఈవెంటుకు వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచాడు. అది అందరికీ జరుగుతుందని కాదు, పెద్ద బై-ఇన్‌కు చిన్న దారి కూడా ఉందని చెప్పడానికి గుర్తు చేశాను.

రెండోది, సైటులో డిపాజిట్ పరిమితిని పైకి వెళ్లే ముందే పెట్టుకోండి. కింద ఉన్నప్పుడు పెట్టుకోవడం తేలిక, 400 డాలర్లు పోయిన రాత్రి ఆ చేయి కదలదు. ఆట ఎప్పుడైనా నిద్రను, ఇంటి డబ్బును తాకితే గామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకోండి. కనీసం ఆరు నెలల పాటు ఇక్కడి లైసెన్సున్న సైట్లన్నీ మూసుకుపోతాయి. మా ఇంట్లో ఒకరికి అది నిజంగా పనికొచ్చింది.

రెడింగ్_రాత్రులు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. 55 ఆలోచన మానుకున్నాను. 330 డాలర్ల నియమాన్ని కాగితం మీద రాసి మా ఆవిడకు కూడా చూపించాను, అక్క చెప్పినట్టు డిపాజిట్ పరిమితీ పెట్టాను. ఒక్క సందేహం మిగిలింది. 33 డాలర్ల ఆటలో బయటికి వచ్చి రీ-ఎంట్రీ చేస్తే (మళ్లీ డబ్బు కట్టి చేరితే), ఆ పదింటిలో అది ఒక బై-ఇన్ లెక్కా, రెండా?

ఎడిసన్_బాబాయ్:

రెండు. రీ-ఎంట్రీకి మూడు డాలర్ల రేక్ (సైటు తీసుకునే రుసుము) మళ్లీ కడుతున్నారు, కనుక అది కొత్త టోర్నమెంటే. మొదటి నెల రీ-ఎంట్రీ అసలు పెట్టుకోకండి.