చైనా లెక్కలతో కుస్తీ పడుతున్న తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మూడో_చాప్టర్:
అందరికీ నమస్తే. చైనా స్థానిక ప్రభుత్వాల అప్పుల మీద ఢిల్లీలో పీహెచ్‌డీ చేస్తున్నా. నాలుగో ఏడు నడుస్తోంది. ఎక్కడ ఇరుక్కున్నానో నా పేరు చూస్తేనే తెలుస్తుంది.

సంగతేంటంటే, చైనా జర్నళ్ళు, థీసిస్‌లు, ఏటా వచ్చే గణాంక పుస్తకాలు (ఇయర్‌బుక్‌లు) అన్నీ ఒక్కచోట దొరికే సీఎన్‌కేఐ డేటాబేస్ 2023 ఏప్రిల్‌లో బయటి దేశాలవాళ్ళకి కొన్ని విభాగాలు ఆపేసింది. పోయినవాటిలో థీసిస్‌లూ ఇయర్‌బుక్‌లూ ఉన్నాయి. నా మూడో చాప్టరంతా వాటి మీదే కట్టుకున్నా. గైడ్‌ని అడిగితే "వేరే దారి చూసుకో" అన్నారు. ఆ ముక్క నాకూ తెలుసు.

చైనా వ్యాపారం, రాజకీయాలు, ఆర్థికం, వీటిలో దేని మీద పనిచేస్తున్నా సరే, మీరు డేటా ఎక్కడ తెచ్చుకుంటున్నారు? ఎక్కడ దెబ్బతిన్నారు? కాస్త చెప్పండి.

గుంటూరు_టు_కౌలూన్:
తమ్ముడూ, ఇయర్‌బుక్‌లు పోయాయని ఏడుస్తున్నావు గానీ, నీ సబ్జెక్టుకి అవి మొదటినుంచీ పనికొచ్చేవి కావు. అప్పులన్నీ జిల్లా బడ్జెట్‌లో కనిపిస్తే ఇంత గొడవ ఎందుకు? 1994 పన్నుల సంస్కరణలో వ్యాట్‌లో 75 శాతం కేంద్రం తీసుకుని 25 శాతం కిందికి వదిలింది. బళ్ళు, ఆసుపత్రులు, రోడ్ల ఖర్చు మాత్రం కిందనే ఉండిపోయింది. నేరుగా అప్పు చేసే హక్కూ అప్పట్లో స్థానిక ప్రభుత్వాలకి లేదు. దాంతో 'చెంగ్‌తౌ' కంపెనీలు పెట్టుకుని వాటి పేరు మీద అప్పులు తెచ్చారు. పేరుకి కంపెనీ, యజమాని జిల్లా ప్రభుత్వమే.

ఆ కంపెనీలు బాండ్లు అమ్మేటప్పుడు ప్రాస్పెక్టస్ బయట పెట్టాలి. ఒక్కొక్కటి రెండు మూడు వందల పేజీలుంటుంది. ఏ స్థలం తాకట్టులో ఉంది, ఎవరికి హామీ సంతకం పెట్టారు, జిల్లా ఆర్థిక శాఖ నుంచి ఎంత రావాలి, అన్నీ రాస్తారు. ముందు 'ఇతర రావలసిన బాకీలు' అన్న పట్టిక తీసి చూడు. నేను ఆరు నెలలు ఇయర్‌బుక్‌లు తిరగేస్తే దొరకనిది ఆ పట్టికలో ఒక సాయంత్రం దొరికింది.

నిజం_నిప్పు:
అంతా బాగుంది గానీ, వాళ్ళవన్నీ దొంగ లెక్కలే కదా? పీహెచ్‌డీలు చేసి మరీ దొంగ లెక్కలు చదవడం ఎందుకు?

గుంటూరు_టు_కౌలూన్:
ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారనే ఎదురుచూస్తున్నా 😀

లీ కెకియాంగ్ ప్రధాని కాకముందు ల్యావ్‌నింగ్ రాష్ట్రంలో పార్టీ కార్యదర్శి. జీడీపీ అంకెలు మనుషులు తయారుచేసేవనీ, తను చూసేది కరెంటు వాడకం, రైళ్ళలో సరుకు, బ్యాంకు రుణాలేననీ 2007లో అమెరికా రాయబారితో అన్నాడు. ఆ మాట 2010లో వికీలీక్స్ ద్వారా బయటికొచ్చింది. అదే ల్యావ్‌నింగ్‌లో 2011 నుంచి 2014 దాకా ఖజానా లెక్కలు పెంచి చూపించామని 2017 జనవరిలో ఆ రాష్ట్ర గవర్నరే ఒప్పుకున్నాడు.

చూశావా, అబద్ధమనే తేలింది. కానీ ఎవరు, ఏ ఏళ్ళలో, దేన్ని పెంచారు? పెంచితే వాళ్ళకేం ఒరిగింది? మా పని అక్కడే మొదలవుతుంది. అంకెలు బాగుంటే ప్రమోషన్ వస్తుందని ఒక వాదం, అంకెలకన్నా పైన మనవాడెవడున్నాడన్నదే ముఖ్యమని ఇంకో వాదం. మా డిపార్ట్‌మెంట్లో ఈ రెండు వర్గాలూ ఒకే టేబుల్ దగ్గర భోజనం చేయవు.

తలనీలాల_రీసెర్చర్:
దొంగ లెక్కల మాట వచ్చింది కాబట్టి నాదీ చెప్తాను. నాది జుట్టు వ్యాపారం మీద. నవ్వకండి. తిరుమలలో ఇచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడుపోవడం అందరికీ తెలుసు. రెండో రకం చిక్కు వెంట్రుకలు. దువ్వెనకు వచ్చినవి ఉండచుట్టి దాచిపెడితే, వీధిలోకి వచ్చినవాడు వాటికి గిన్నెలో పిన్నులో ఇచ్చి పట్టుకెళ్తాడు. ఇవి చివరికి చేరేది చాలావరకు చైనాకే. హెనాన్ రాష్ట్రంలో శూచాంగ్ అనే ఊరు ఉంది, విగ్గుల రాజధాని అంటారు.

మన దేశం చైనాకి ఇంత జుట్టు పంపామంటుంది. చైనా కస్టమ్స్ మనదగ్గర్నుంచి ఇంత కొన్నామంటుంది. ఈ రెండూ కలవవు. మొదటి ఏడాది నేనే ఎక్కడో కూడిక తప్పు చేశానని ఒకటే టెన్షన్. తర్వాత తెలిసింది, తక్కువ ధర రాసి పంపేవాళ్ళు కొందరు, మయన్మార్ మీదుగా తోలేవాళ్ళు కొందరు. మయన్మార్ వైపు లెక్క కూడా వీటితో పోల్చి చూశాకే బొమ్మ కనిపించింది. 2022 జనవరిలో మన ప్రభుత్వం ముడి జుట్టు ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసిందంటే కారణం ఇదే. రెండు ప్రభుత్వాల లెక్కలు సరిగ్గా కలిసి ఉంటే నాకు థీసిస్సే లేదు.

యీవూ_దుబాసీ:
మీ అందరి మధ్య నేను మాట్లాడొచ్చో లేదో. నేను స్కాలర్ని కాదు. ఎంబీబీఎస్‌కని చైనా వెళ్ళా, 2020 జనవరిలో సెలవులకి ఇంటికొచ్చి ఇరుక్కుపోయా. మా స్టూడెంట్ వీసాలు మళ్ళీ మొదలైంది 2022 ఆగస్టులో. చదువు పూర్తిచేశా గానీ, ఇప్పుడు చైనాలో పెద్ద టోకు మార్కెట్ ఉన్న యీవూలో, బేగంబజార్ నుంచి వచ్చే వ్యాపారులకి దుబాసీగా ఉన్నా. మా నాన్న దగ్గర ఈ టాపిక్ ఎత్తకండి.

ఇక్కడి మార్కెట్లో దాదాపు 75 వేల దుకాణాలు. తలనీలాల అక్క చెప్పిన గిన్నెల బేరం ఉంది చూశారా, యీవూ పుట్టిందే అలాంటి బేరంతో. ఇక్కడి రైతులు బెల్లం ముక్కలు ఇచ్చి కోడి ఈకలు తీసుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు, ఈకలు ఎరువుకీ చీపుళ్ళకీ. వీధిలో అమ్మడం నేరమైన రోజులు. 1982లో ఫెంగ్ అయ్‌చ్యెన్ అనే చిరువ్యాపారి జిల్లా పార్టీ కార్యదర్శి షియే గావ్‌హ్వాని నిలదీసింది, ఎందుకు మమ్మల్ని తరుముతున్నారని. అదే ఏడు ఆయన మార్కెట్ తెరవడానికి ఒప్పుకున్నాడు. పైనుంచి ఆర్డర్ వచ్చాక కాదు, ముందే.

ఇంటర్వ్యూలకి వచ్చే స్టూడెంట్లకి ఒక మాట. లాభం ఎంత, పన్ను ఎంత అని అడగకండి. "ఈ నెల ఎన్ని కంటైనర్లు వెళ్ళాయి, పోయినేడు ఎన్ని" అని అడగండి, వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తారు. ఫోన్ టేబుల్ మీద పెట్టకండి. మార్చిన గూఢచర్య చట్టం 2023 జులైలో అమల్లోకి వచ్చాక రికార్డింగ్ అంటే జడుస్తున్నారు. నోట్‌బుక్ చూసినా నోరు మూసేసినవాళ్ళున్నారు.

ఎకరానికి_ఆరు:
డేటా సరే, అంకెల్ని అనువదించేటప్పుడు జాగ్రత్త. నా మాస్టర్స్‌లో ఒక పట్టిక మొత్తం పది రెట్లు తేడా వచ్చింది. చైనీస్‌లో లెక్క నాలుగు సున్నాల చొప్పున కడతారు. 'వాన్' అంటే 10 వేలు, 'యీ' అంటే 10 కోట్లు. ఇంగ్లీషు మిలియన్లలోకి మార్చి, మళ్ళీ మన లెక్కలోకి తెచ్చుకుంటుంటే ఎక్కడో సున్నా జారిపోతుంది. నేరుగా తెలుగులోకి తెచ్చుకోండి. వాన్‌యీ అంటే కచ్చితంగా లక్ష కోట్లు. 2008 సంక్షోభం తర్వాత చైనా ప్రకటించిన ప్యాకేజీ 4 లక్షల కోట్ల యువాన్లు. 2021లో అక్కడి స్థానిక ప్రభుత్వాలకి భూముల అమ్మకం మీద వచ్చింది 8.7 లక్షల కోట్లు, 2024కి 4.9 లక్షల కోట్లే. ఇలా అనుకుంటే మన బడ్జెట్ వార్త చదివినట్టే ఉంటుంది. భూమికి 'మూ' అనే కొలత, ఎకరానికి సుమారు ఆరు. మా తాతకి చెప్తే "అంటే పదహారు సెంట్లన్నర" అని చిటికెలో తేల్చేశాడు.

నిజం_నిప్పు:
సరే, ఒప్పుకుంటున్నా. మరి నిరుద్యోగం లెక్క నచ్చకపోతే ఆపేశారు కదా, దాన్నేమంటారు?

గుంటూరు_టు_కౌలూన్:
ఆపేశారు. 2023 జూన్‌లో యువత నిరుద్యోగం 21.3 శాతం వచ్చింది, తర్వాతి నెల నుంచి ప్రచురించలేదు. 2024 జనవరిలో, చదువుకుంటున్నవాళ్ళని తీసేసిన కొత్త పద్ధతిలో 14.9 శాతం అని మళ్ళీ మొదలుపెట్టారు. విద్యార్థుల్ని వేరుగా చూడటంలో తర్కం లేకపోలేదు. మార్చిన టైమే అనుమానంగా ఉంది. నేనైతే ఆ రెండు అంకెల్నీ ఒకే గ్రాఫ్‌లో గీయను. గీసిన పేపర్ చూస్తే అక్కడే మూసేస్తా.

మూడో_చాప్టర్:
పది రోజుల తర్వాత వస్తున్నా, సారీ. అన్న చెప్పినట్టు ప్రాస్పెక్టస్‌లు తీశా. మొదటి రెండు రోజులు ఏమీ అర్థం కాలేదు, నా చైనీస్ హెచ్‌ఎస్‌కే భాషా పరీక్షలో నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఒక జిల్లా దొరికింది. 2022లో అక్కడ అమ్మిన స్థలాల జాబితా భూమి మార్కెట్ వెబ్‌సైట్‌లో కొనుగోలుదారు పేర్లతో సహా ఉంది. బిల్డర్లు ఎవరూ లేరు. కొన్న సంస్థల్లో సగానికి పైగా అదే జిల్లా చెంగ్‌తౌ కంపెనీలే. అప్పు తెచ్చి స్థలం కొన్నారు, ఆ డబ్బు జిల్లా ఖజానాలో భూమి ఆదాయంగా పడింది, అందులో కొంత మళ్ళీ కంపెనీకే సబ్సిడీగా వెళ్ళింది. ఈ జేబులోంచి ఆ జేబులోకి. ఇలా ఆదాయం పెంచి చూపించొద్దని ఆ ఏడే కేంద్ర ఆర్థిక శాఖ ఉత్తర్వు కూడా ఇచ్చిందట, దాని గురించి నాకు ఇప్పుడే తెలిసింది.

గైడ్‌కి చూపిస్తే "ఒక్క జిల్లాతో ఏం చెప్తావ్?" అన్నారు. ఇంకో పదకొండు జిల్లాలు తీసుకుంటున్నా. ఒక్క సాయం కావాలి. మూడు పీడీఎఫ్‌లు స్కాన్ కాపీలు, అక్షరాలు మసకగా ఉన్నాయి, బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ పట్టుకోవట్లేదు. కంటితో చదవగలిగేవాళ్ళెవరైనా?

యీవూ_దుబాసీ:
పంపు బ్రో. డాక్టర్ల చేతిరాత చదివినవాణ్ణి, స్కాన్ కాపీ ఎంత. ఆదివారం ఖాళీ.