మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్: ఆ పిల్లాడి సంగతి మేర్ బయటపెట్టాల్సిందేనా? (చివరి ఎపిసోడ్ చూడనివాళ్ళు చదవొద్దు)

కాలవగట్టు:
2021లో అమెరికన్ చానల్ హెచ్‌బీవోలో వచ్చిన సిరీస్ ఇది. మొన్న ఆదివారం రెండోసారి పెట్టి ఏడు ఎపిసోడ్లూ లేవకుండా చూసేశాను, అప్పట్నుంచి ఒకటే ఆలోచన. ఫిలడెల్ఫియా దగ్గర చిన్న ఊరు, అందరూ అందరికీ ఏదో వరసవుతారు. కేటీ అనే అమ్మాయి కనపడకుండా పోయి ఏడాదైనా డిటెక్టివ్ మేర్ కనిపెట్టలేకపోయింది, పైగా ఆ పిల్ల తల్లి డాన్ ఒకప్పుడు మేర్‌తో కలిసి స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడింది. ఈలోగా ఎరిన్ అనే ఇంకో అమ్మాయి, చంటిబిడ్డ తల్లి, శవం వాగులో దొరుకుతుంది. చివరికి మేర్ ప్రాణస్నేహితురాలు లోరీ మొగుడు జాన్, ఎరిన్ బిడ్డకి తండ్రిని నేనే, చంపిందీ నేనే అని ఒప్పేసుకుంటాడు. కేసు అయిపోయింది. ఆ తర్వాత క్యారల్ అనే పెద్దాయన, షెడ్డులో తన రివాల్వర్ మాయమై మళ్ళీ వచ్చిందని, రెండు గుళ్ళు తక్కువున్నాయని చెప్తే, ఆ తీగ లాగితే డొంక కదిలి లోరీ కొడుకు రయాన్ దాకా వెళ్తుంది. వాడికి 13 ఏళ్ళు. నాన్నకి దూరంగా ఉండమని ఎరిన్‌ని బెదిరించడానికి తీసుకెళ్ళిన తుపాకీ పెనుగులాటలో పేలింది.

నా మాట ఏంటంటే మేర్ జాన్ ఒప్పుకోలుతోనే ఊరుకోవాల్సింది. జాన్ ఎలాగూ పాపాత్ముడే. బంధువుల పిల్లతో, అదీ మైనర్‌తో, అలా నడిపినోడు. జైల్లో ఉండాల్సినవాడే జైల్లో ఉన్నాడు. పిల్లాణ్ణి పట్టించి ఆవిడ బాగుచేసింది ఎవర్ని?

ఉప్పుచేప:
ఎవర్నంటే కెన్నీని. ఎరిన్ తండ్రిని మర్చిపోయావా బ్రో? నిజం తెలియక ముందు కూతుర్ని చంపింది ఆమె మాజీ బాయ్‌ఫ్రెండ్ డిలనే అని వాడంతట వాడే తేల్చేసుకుని అడవిలోకి లాక్కెళ్ళి కాల్చాడు. డిలన్ ఏదో బతికి బయటపడ్డాడు గానీ కెన్నీ జైలుకెళ్ళాడు. సగం నిజంతో ఊరు నడిస్తే జరిగేది అదే. పైగా మేర్ వెతుక్కుంటూ వెళ్ళలేదు, ముసలాయనే ఫోన్ చేసి చెప్పాడు. అది విని కూడా తొక్కిపెడితే ఇంక ఆవిడ పోలీసెందుకు, ఊళ్ళో పెద్దమనిషి అని బోర్డు పెట్టుకుంటే సరి.

సగంనిద్ర:
నీతులు చెప్పే ముందు ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. మనవడు తన దగ్గరే ఉండాలని వాడి తల్లి కారులో హెరాయిన్ పెట్టింది ఈవిడే కదా, అదీ స్టేషన్లో సాక్ష్యంగా దాచిన సరుకు. తన ఇంటిదాకా వస్తే ఒక రూలు, లోరీ ఇంటిదాకా వస్తే ఇంకో రూలా?

నల్లకోటు:
లా చదివినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. పెన్సిల్వేనియాలో హత్య కేసు పెడితే ఎంత చిన్నవాడైనా కేసు పెద్దల కోర్టులోనే మొదలవుతుంది, పిల్లల కోర్టుకి మార్చాలా వద్దా అన్నది జడ్జి చేతిలో ఉంటుంది. సిరీస్‌లో రయాన్ పిల్లల జైల్లో కనపడతాడు కాబట్టి మార్చారనుకోవాలి. అంటే మేర్ ఆ తలుపు తట్టినప్పుడు పిల్లాడికి ఏమవుతుందో ఆవిడకీ గ్యారంటీ లేదు. మన దగ్గరైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నిండనివాణ్ణి పెద్దవాడిలా విచారించే ప్రశ్నే లేదు, మహా అయితే మూడేళ్ళు స్పెషల్ హోమ్. ఇంకోటి, నేరస్తుణ్ణి దాచడం మీద మన పాత ఐపీసీ 212, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 249 చూడండి. మొగుడూ పెళ్ళాం ఒకర్నొకరు దాచుకుంటే ఆ సెక్షన్ అంటదు, కన్నతల్లికి మాత్రం ఆ మినహాయింపు లేదు. ఎందుకలా రాశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఉప్పుచేప:
సగంనిద్ర గారూ, హెరాయిన్ తప్పే, అందుకే చీఫ్ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టాడు. ఒకసారి తప్పు చేసింది కాబట్టి రెండోది కూడా చేయాలంటారా?

అసలు నేనింత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నానో చెప్తాను. మా ఊళ్ళో ఒకసారి రాత్రిపూట ట్రాక్టర్ గుద్ది సైకిల్ మీద వెళ్ళే మనిషి చనిపోయాడు. నడిపింది ఓనర్ కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు. తెల్లారేసరికి వాళ్ళ డ్రైవర్ వెళ్ళి నేనే నడిపానని లొంగిపోయాడు. ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తలేదు, మా నాన్నతో సహా. పిల్లాడి భవిష్యత్తు కదా అన్నారు. చనిపోయినాయన భార్య ఇప్పటికీ ఆ కుర్రాడు ఎదురైతే రోడ్డు దిగి పొలంలోంచి నడుస్తుంది. ఆవిడకీ తెలుసు మరి. జాన్ ఒప్పుకోలు చూసినప్పుడు నాకు ఆ డ్రైవరే గుర్తొచ్చాడు.

కాలవగట్టు:
అన్నా, ఆ కుర్రాడూ రయాన్ ఒకటి కాదు. అక్కడ డబ్బున్నోడు కూలివాడి మీదికి తోశాడు. ఇక్కడ తండ్రి చేసిన దరిద్రానికి కొడుకు బలైతే ఆ తండ్రే మోస్తున్నాడు, న్యాయంగానే ఉంది కదా. లోరీ నిజం తెలిసీ మేర్‌తో అబద్ధం చెప్పింది, ఒప్పుకుంటాను. కానీ మేర్‌ని చూసి వాడు స్కూల్లోంచి ఇంటికి పరిగెత్తి తల్లిని పట్టుకున్నప్పుడు లోరీ మొహం చూశారా? లోరీగా చేసిన జూలియన్ నికల్సన్‌కి ఎమ్మీ అవార్డు ఊరికే రాలేదు. (మేర్‌గా చేసిన కేట్ విన్‌స్లెట్ ఇంగ్లండ్ మనిషై ఉండి ఆ ఊరి యాస అంత కష్టపడి పట్టింది, మన హీరోయిన్లతో శ్రీకాకుళం యాస ఎప్పుడు పలికిస్తారో.)

సగంనిద్ర:
నాకు మాత్రం చివర్లో వంటింట్లో ఇద్దరూ నేల మీద కూలబడి ఏడ్చేది నచ్చలేదు. కొన్ని నెలలు గడిస్తే కొడుకుని పట్టించినదాన్ని క్షమించేస్తారా? మా అమ్మయితే జన్మలో గడప తొక్కనివ్వదు.

నల్లకోటు:
క్షమించిందని ఎక్కడుంది మేడమ్? కాళ్ళు నిలవక పట్టుకుంది. ఆ ఊళ్ళో ఆమెకి ఇంకెవరున్నారు, మొగుడు జైల్లో, కొడుకు జైల్లో, మొగుడికీ ఎరిన్‌కీ పుట్టిన బిడ్డని తనే పెంచుతోంది.

కాలవగట్టు:
లోరీ విషయంలో నేను తగ్గను. ఉప్పుచేప అన్నా, ఆ డ్రైవర్ ఏమయ్యాడు?

ఉప్పుచేప:
బెయిల్ మీద వచ్చి మళ్ళీ అదే ఇంట్లో చేరాడు. వాయిదాలకి ఇంకా వాడే తిరుగుతున్నాడు, బస్సు చార్జీ ఓనర్ ఇస్తాడు.