సోనీ ఏ6400 కెమెరాకి రోజూ తగిలించి ఉంచే ఒకే ఒక్క జూమ్ లెన్సు ఏది తీసుకోవాలి?

ప్రశ్న:
నమస్తే అందరికీ. నా దగ్గర ఏ6400 ఉంది, దాంతో వచ్చిన 16-50 ఎంఎం కిట్ లెన్సే ఇన్నాళ్ళూ వాడుతున్నా. ఎండలో బానే వస్తాయి గానీ ఇంట్లో లైట్ల కింద పిల్లల్ని తీస్తే అన్నీ మసక మసకే, ఐఎస్‌ఓ (చీకట్లో ఫోటోని కాంతివంతం చేసే సెట్టింగ్) పెంచితే ఇసక చల్లినట్టు నాయిస్. ఊళ్ళు తిరిగినప్పుడేమో జూమ్ చాలట్లేదు. మాటిమాటికీ లెన్సు మార్చే ఓపిక నాకు లేదండీ, ఒకటి తగిలిస్తే ఇంక తీయకూడదు. సోనీ 18-135, ట్యామ్రాన్ 17-70 ఎఫ్ 2.8, సిగ్మా 18-50 ఎఫ్ 2.8, ఈ మూడింట్లో తేల్చుకోలేక తల వేడెక్కిపోతోంది. ఇవేమీ కాదు ట్యామ్రాన్ 18-300 కొనెయ్, ఒక్కదాంతో పనైపోద్ది అని ఫ్రెండ్ ఒకడు. ఏం చేయమంటారు?

జవాబు:
మీకున్నవి రెండు వేరు వేరు సమస్యలండీ, వెలుతురు చాలకపోవడం ఒకటి, జూమ్ చాలకపోవడం ఇంకోటి. రెంటినీ పూర్తిగా తీర్చే లెన్సు ఉంటే మిగతావి ఎవరూ కొనరు కదా. ఏది ఎక్కువ ఇబ్బందో మీ పాత ఫోటోలే చెప్తాయి. విండోస్‌లో ఫోటోల ఫోల్డర్ డీటెయిల్స్ వ్యూలో తెరిచి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ కొట్టి, మోర్‌లోకి వెళ్తే ఫోకల్ లెంగ్త్ (ఎన్ని ఎంఎం జూమ్‌లో తీశారన్నది) అని ఉంటుంది, అది టిక్ పెట్టి ఆ కాలమ్ మీద నొక్కండి, అన్నీ వరసలోకి వస్తాయి. లైట్‌రూమ్ క్లాసిక్ ఉంటే ఇంకా తేలిక, లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా తెరిస్తే ఏ ఎంఎంలో ఎన్ని తీశారో లెక్కతో సహా చూపిస్తుంది.

ఒక మెలిక ఉంది. 16 దగ్గరా 50 దగ్గరా కుప్పలు కనపడతాయి, అది చూసి కంగారు పడొద్దు, జూమ్ అక్కడితో ఆగిపోద్ది కాబట్టి అందరికీ అంతే. 50లో తీసినవాటిల్లో తర్వాత ఎన్నిటిని క్రాప్ చేశారన్నదే అసలు చూడాల్సింది. ఎక్కువ శాతం కోసేసుంటే 18-135 వైపు వెళ్ళండి, అలాగే వదిలేసుంటే 70 దాకా వచ్చేది చాలు.

ఇంక వెలుతురు. ఎఫ్ పక్కన అంకె ఎంత పెద్దదైతే లెన్సులోకి అంత తక్కువ వెలుతురు వస్తుంది, మీ కిట్ 50 దగ్గర ఎఫ్ 5.6కి పడిపోద్ది. దానికీ ఎఫ్ 2.8కీ రెండు స్టాపుల తేడా, అంటే నాలుగు రెట్లు వెలుతురు, ఐఎస్‌ఓ 6400 పెట్టే చోట 1600తో సరిపోద్ది. 18-135 కూడా చివర్లో 5.6యే. దాన్లో ఓఎస్‌ఎస్ (సోనీ లెన్సులో ఉండే స్టెబిలైజేషన్) ఉందిగా అంటారు చాలామంది, అది మన చెయ్యి వణుకుని సరిచేస్తుంది గానీ గెంతే పిల్లాణ్ణి నిలబెట్టదు, వాడికి షట్టర్ స్పీడ్ 1/250 అయినా కావాలి.

ఇంకో సభ్యుడు:
18-135ని మరీ తీసిపారేయకండి బాబూ. 325 గ్రాములే, రోజంతా మెళ్ళో వేసుకుని తిరిగినా మెడ లాగదు. పగలు తిరిగేవాళ్ళకి దానికి మించింది లేదు. 18-300 మాత్రం నేను వద్దనే చెప్తా, 620 గ్రాములు, జూమ్ చివర్లో ఎఫ్ 6.3, సాయంత్రం అయితే ఇబ్బందే.

అడిగినవారు:
థాంక్సండీ, చూశాను. 50లో తీసినవే ఎక్కువ, వాటిల్లో క్రాప్ చేసినవి తక్కువే, అవి కూడా అన్నీ ఎండలో తీసినవే. నాయిస్ వచ్చి పక్కన పడేసినవి మాత్రం చాలా ఉన్నాయి. మరి సిగ్మానా ట్యామ్రానా? వీడియో కూడా అప్పుడప్పుడు తీస్తా.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే ఎఫ్ 2.8కే వెళ్ళండి. ఎండలో జూమ్ తక్కువైతే తర్వాత క్రాప్ చేసుకోవచ్చు, మీది 6000 బై 4000 పిక్సెళ్ళు, 70లో తీసి అటూ ఇటూ సగానికి కోస్తే 140తో తీసినంత ఫ్రేమ్ వస్తుంది, ఇంకా 6 మెగాపిక్సెళ్ళు మిగుల్తాయి, ఫోన్‌లో చూడ్డానికీ చిన్న ప్రింట్లకీ అది బోలెడు. రాని వెలుతురుని మాత్రం తర్వాత ఎక్కణ్ణుంచీ తేలేం.

సిగ్మా చిన్నది, 300 గ్రాముల లోపే. కానీ అందులో స్టెబిలైజేషన్ లేదు, మీ ఏ6400 బాడీలోనూ లేదు, నడుస్తూ వీడియో తీస్తే ఊగుడే ఊగుడు. ట్యామ్రాన్‌లో వీసీ, అంటే వాళ్ళ స్టెబిలైజేషన్, ఉంది, పైగా 70 దాకా వస్తుంది, కాకపోతే 525 గ్రాములు, మీ బాడీయే 403, కాబట్టి కెమెరా ముందుకి వాలుతుంది, ఎడమ చెయ్యి లెన్సు కింద పెట్టి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. వీడియో అంటున్నారు కాబట్టి నా ఓటు ట్యామ్రాన్‌కే. ఇంకోటి, ఇప్పుడు 16 దగ్గర మీకు ఫుల్ ఫ్రేమ్ (మీదానికంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) లెక్కలో 24 వస్తోంది, అంకె పెరిగితే ఫ్రేమ్‌లో పట్టేది తగ్గుతుంది, సిగ్మాతో అది 27 అవుతుంది, ట్యామ్రాన్‌తో 25.5. వినడానికి చిన్న తేడాయే, చిన్న గదిలో పదిమందిని ఒక ఫ్రేమ్‌లో పట్టించాలంటే తెలుస్తుంది, వెనక్కి జరుగుదామంటే గోడ.

అడిగినవారు:
ట్యామ్రాన్‌కే ఫిక్స్. సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి దొరికేలా ఉంది, ఏం చూసుకోవాలి?

ఇంకో సభ్యుడు:
రెండు పక్కలా మూతలు తీసి ఒక వైపు నుంచి టార్చ్ కొట్టి రెండో వైపు నుంచి చూడు, లోపల సన్న దారాల్లాగా అల్లుకుని ఉంటే ఫంగస్, వద్దని చెప్పి వచ్చెయ్. నాలుగు దుమ్ము కణాలుంటే ఏం కాదు. జూమ్ రింగ్ మొత్తం తిప్పు, మధ్యలో ఎక్కడా పట్టెయ్యకూడదు. తర్వాత ఇటుకల గోడ లాంటిది ఏదైనా చూసుకుని దానికి సరిగ్గా ఎదురుగా నిలబడి, 17లో ఒకటి 70లో ఒకటి ఎఫ్ 2.8 పెట్టి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడు. నాలుగూ కొంచెం కొంచెం సాఫ్ట్‌గా ఉంటే మామూలే. ఒక్క వైపే మసగ్గా ఉందనుకో, నువ్వు వంకరగా నిలబడ్డావేమో అని ఇంకోసారి సరిగ్గా తీసి చూడు, మళ్ళీ అదే వైపు మసక వస్తే లోపల గ్లాసు పక్కకి జరిగినట్టే, బహుశా ఎక్కడో కింద పడేసుంటారు, ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోకు.